చందుర్తి చేను, మా కాన్వాసు గుడ్డ

మొన్న ఆదివారం సంఘం గదిలో బల్లలు కలిపి పరిచిన మట్టిరంగు గుడ్డ ఏమిటని చాలామంది అడిగారు. ఒకరైతే కొత్త జంపఖానా కొన్నామనుకుని ధర కూడా అడిగారు. అది యుద్ధభూమి అండి. చందుర్తి.

మన యానాం నుంచి కాకినాడ మీదుగా వెళ్ళి పిఠాపురం దాటితే వచ్చే చందుర్తే. 1758 డిసెంబరులో అక్కడ కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన, కల్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సేన తలపడ్డాయి. ఇంగ్లీషువాళ్ళని పిలిపించింది విజయనగరం ఆనందరాజు. మరుసటేడు మచిలీపట్నం కూడా పోయి, సర్కారు జిల్లాల్లో ఫ్రెంచివాళ్ళ ఆట కట్టింది. బొమ్మ సిపాయిల్ని నడుపుతూ పాచికలు వేసే యుద్ధాల ఆట మా కుర్రాళ్ళకి బాగా పట్టుకుంది. ముందు బొబ్బిలి ఆడదామన్నాం. మాస్టారు ఒప్పుకోలేదు. "ఆడవాళ్ళూ పిల్లలూ కాలిపోయిన కోట మీద పాచికలేస్తార్రా?" అన్నారు. ఇంక ఎవరమూ మాట్లాడలేదు.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు కాన్వాసు తెచ్చాం. మొదటిసారి డబ్బులు కలిసొస్తాయని గోడలకి పెట్టే పుట్టీ పూశాం. ఎండాక చూడముచ్చటగా ఉంది. చుట్టగానే అప్పడంలా పెళపెళమని విరిగిపోయింది. రెండోసారి గోడ బీటల్లో నింపే యాక్రిలిక్ సీలెంట్ తెచ్చి, జల్లించిన గోదావరి ఇసుక, కాస్త మట్టిరంగు ఎమల్షన్ కలిపి, తాపీతో పల్చగా లాగాం. ఇది ఎండినా రబ్బరులా వంగుతుంది. గుడ్డ ముడుచుకుపోకుండా నాలుగంచులూ చెక్కకి బిగించి రెండ్రోజులు ఆరనివ్వాలి. తర్వాత దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో లేత పసుపు రంగు పైపైన తాటిస్తే ఇసుక రేణువులు పైకి తేలి నేల నేలలా కనిపిస్తుంది. చుట్టేటప్పుడు రంగు వేసిన వైపు బయటికుండాలి, మరిచిపోకండి.

అసలు కష్టం చేనుతో వచ్చింది. ఆ రోజు ఫోర్డ్ తెల్ల సైనికులు మనిషెత్తు పైరు వెనక పడ్డారు. ఎర్రకోట్లు వేసుకున్న సిపాయిలే ఇంగ్లీషు పటాలమనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళ మీదికి పోయారు. అసలు పటాలం పైరులోంచి పక్కనుంచి వచ్చి పడింది. చేను లేకపోతే ఆ యుద్ధమే లేదు. కోనసీమ కొబ్బరిపీచు పట్టా ఒకటి ముక్కలు కోసి ఆకుపచ్చ రంగు వేస్తే అచ్చం పైరే! గుడ్డకి అంటించలేదు. చేను ఎక్కడుందో తెలిసిపోతే ఫ్రెంచి పక్షం కుర్రాడు రెండో ఆటకే మోసపోవడం మానేస్తాడు కదా.

ఎండిన చెరువు కూడా పెట్టాం. యుద్ధం జరుగుతుంటే ఆనందరాజు బలగం ఓ ఎండిన చెరువు గుంటలో తలదాచుకుందని ఓర్మ్ రాశాడు. గట్లు అంటిస్తుంటే ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది, "మనం ఎటు, మాస్టారూ? యానాం కాబట్టి ఫ్రెంచివైపా? లేకపోతే ఈ చెరువులో దాక్కున్నవాళ్ళా?"

"ఓర్మ్ ఇంగ్లీషువాడమ్మా," అన్నారాయన. కాసేపాగి, "రెండువైపులా తెల్లవాళ్ళకంటే సిపాయిలే ఎక్కువ. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు," అన్నారు. మాలో కొందరికి ఆ జవాబు చాల్లేదు. తెలుగు రాజు తరఫున నిలబడాలని ఒకరు, ఆ రాజే కదా ఇంగ్లీషువాళ్ళని తెచ్చిందని ఇంకొకరు. టీ రెండుసార్లు తెప్పించాల్సి వచ్చింది.

చివరికి ఆ పిల్లకే ఆనందరాజు బలగాన్ని అప్పజెప్పాం. ప్రతి వంతుకీ పాచిక వేయాలి. ఆరు పడితేనే చెరువులోంచి బయటికి. మొన్న నాలుగో వంతుకి ఆరు పడింది. ఫ్రెంచి పక్షం ఆడింది వాళ్ళన్నయ్యే. ఇది చరిత్రలో లేదని చెల్లెలితో ఇంకా మాట్లాడ్డం లేదట.