కంచిలో కాదు... కోనలో!

కుప్పం, పుంగనూరు వాళ్లు కంచికి వెళితే వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని తాకకుండా రారు. ప్రాణమున్న బంగారు బల్లి మాత్రం ఇటు శేషాచలం కొండల్లోనే ఉంది! మదనపల్లె నుంచి వాయల్పాడు, పీలేరు, భాకరాపేట మీదుగా తలకోన చేరితే, జలపాతం చుట్టుపక్కల నీడపట్టున ఉండే బండల నెర్రెలే దాని ఇల్లు. ఆడది గోధుమరంగు, రాతిలో కలిసిపోతుంది. పసుపు పూసుకున్నట్టు మెరిసేది మగదే.

1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయ సైనికాధికారి దీని గురించి లోకానికి చెప్పాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా జాడ లేదు. 1980లలో తిరుమల కొండల్లో మళ్లీ దొరికింది. ఇంతకీ దీనికి లోకంలో ఉన్న తోబుట్టువు ఒక్కటే, అదీ శ్రీలంకలో! 1953లో వెలుగులోకి వచ్చింది. నడుమ సముద్రం. రెండు నేలలూ కలిసున్న రోజుల నాటి చుట్టరికం కాబోలు.

వన్యప్రాణి చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్లోనే దీనికీ చోటుంది. పట్టుకుంటే జైలే. అయితే గుడ్లను ఇది నేలలో దాచదు, బండకే అతికిస్తుంది. ఒక్కోచోట పదుల కొద్దీ ఉంటాయి. ఆ రాతి మీద పేర్లు చెక్కినా, దాని కింద వంటపొయ్యి రాజేసినా ఆ ఏటి పిల్లలు ఇక లేనట్టే.