మూడు ముళ్ళ ముచ్చట

శీర్షిక చూసి నా పెళ్ళి కబురు అనుకునేరు! ఆ యోగం ఇంకా పట్టలేదు. ఈ ముళ్ళు రికార్డు ప్లేయరువి.

మా ఇంట్లో రెండు రకాల రికార్డులున్నాయి. తాతయ్య కొన్న 'మల్లీశ్వరి' (1951) పాటల 78లు, నాన్నగారు మొదటి జీతంతో కొన్న 'శంకరాభరణం' (1980) ఎల్పీ. పోయిన దసరాకి అటక మీంచి పాత ప్లేయరు దింపి, పెద్ద హీరోలా ఎల్పీ వేశాను. దానిది సిరామిక్ కార్ట్రిడ్జి. మీట ఒకవైపు తిప్పితే 78లకు లావు ముల్లు, రెండోవైపు తిప్పితే ఎల్పీకి సన్న ముల్లు. నేను మీట చూసుకోలేదు. అంగుళంలో వెయ్యింట మూడు వంతుల లావు ముల్లు ఎల్పీ సన్న గాడిలో దిగింది. బాలుగారి గొంతు మీద బరబరా గీకుడు! నాన్నగారు గబగబా వచ్చి ముల్లు ఎత్తేశారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ప్రాయశ్చిత్తంగా 78 వేగంలోనూ తిరిగే టర్న్‌టేబుల్ కొన్నాను. మరి కార్ట్రిడ్జి ఏది? సిరామిక్ చవకే గానీ గాడి మీద నాలుగైదు గ్రాముల బరువు మోపుతుంది. మూవింగ్ మాగ్నెట్ సుమారు రెండు గ్రాములతో సరిపెట్టుకుంటుంది. అందులో ముల్లుతో పాటు అయస్కాంతం కదులుతుంది. మూవింగ్ కాయిల్‌లో తీగచుట్టే కదులుతుంది. షాపులో విన్నాను. వీణ మీటు విడిగా వినపడింది! కానీ దాని సిగ్నల్ మామూలుగా ఒక మిల్లీవోల్టు కూడా ఉండదు, మాగ్నెట్‌ది మూడు నుంచి ఐదు. అంచేత దానికి ఇంకో యాంప్లిఫయరు తోడు కావాలి. ముల్లు అరిగితే చాలావాటిలో మనం మార్చుకోలేం. నా రెండు నెలల రాతకూలి దానికే సరి.

అయినా మనసు కాయిల్ వైపే లాగింది. అప్పుడు షాపాయన అడిగాడు, "ఇంతకీ ఏం వింటారు బాబూ?" అని. చెప్పాను.

"అయితే మాగ్నెట్టే తీసుకోండి. ఒకే బాడీకి ఎల్పీ ముల్లు ఒకటి, 78 ముల్లు ఒకటి. చేత్తో లాగి మార్చుకోవచ్చు."

అదే కొన్నాను. 'మల్లీశ్వరి' వినాలన్నా అదేగా దారి!

ఆ రాత్రి సన్న ముల్లు రెండుసార్లు చూసుకుని ఎల్పీ వేశాను. గీసిన చోట బర్రుమంది. ఆపబోయాను.

"ఉండనీరా, ముందుకెళ్తుంది" అన్నారు నాన్నగారు.

వెళ్ళింది.

మీ అటక మీద కూడా ప్లేయరు ఉందా? పాట వేసేముందు మీట ఎటుందో చూసుకోండి, ప్లీజ్!