ఓటమి నేర్పిన స్వారీ

గడ్డిమోపు మీద ఎక్కి కూర్చుని, దాన్నే గుర్రమనుకుని కొరడా ఝుళిపించేవాడా కుర్రాడు. చేతులు నొప్పి పుట్టేదాకా అదే సాధన! నాన్న గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. అందుకే అమెరికాలోని కెంటకీలో పుట్టిన స్టీవ్ కాథెన్‌కు గుర్రమంటే భయం లేదు. జాకీ కావాలన్నదే కోరిక.

పదహారో ఏడు నిండగానే, 1976 మేలో మొదటి పందెం... ఆఖరి స్థానం! అయిదు రోజుల తరవాత మాత్రం రెడ్ పైప్ అనే గుర్రం మీద తొలి గెలుపు దక్కింది. ఇక ఆగలేదు. 1977లో చెయ్యీ పక్కటెముకలూ విరిగి నెల రోజులు జీనుకు దూరమైనా, ఆ ఒక్క ఏడాదిలోనే 487 పందేలు గెలిచాడు. అతను ఎక్కిన గుర్రాలు గెలిచిన బహుమతి సొమ్ము 60 లక్షల డాలర్లు దాటింది. అంతకుముందు ఏ జాకీకీ సాధ్యం కాని ఘనత అది.

1978లో అఫర్మ్‌డ్ మీద కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్... మూడూ అతనివే. మూడింటా రెండో స్థానం అలీడార్‌దే. బెల్మాంట్‌లో అయితే రెండింటి మధ్య తేడా గుర్రం తలంత! ట్రిపుల్ క్రౌన్ గెలిచేనాటికి కాథెన్‌కు పద్దెనిమిదేళ్లు. అంత చిన్నవయసులో ఆ కిరీటం అందుకున్న జాకీ మరొకరు లేరు.

ఆ తరవాతే అసలు పరీక్ష. 1979 మొదట్లో కాలిఫోర్నియాలో వరసగా 110 పందేలు ఓడిపోయాడు. అవే చేతులు, అదే కొరడా... గెలుపే లేదు. అఫర్మ్‌డ్ కళ్లేలు కూడా లాఫిట్ పింకే చేతికి వెళ్లాయి. ఆకాశానికెత్తిన నోళ్లే అతని పనైపోయిందన్నాయి. పైగా ఎదిగే వయసు. ఒళ్లు బరువెక్కుతోంది. తిండి తగ్గించుకోవడం తప్ప జాకీకి వేరే దారి ఉండదు.

సరిగ్గా అప్పుడే ఇంగ్లాండు నుంచి పిలుపొచ్చింది. అక్కడ జాకీల బరువు విషయంలో కాస్త వెసులుబాటు ఎక్కువ. కానీ పందెం తీరే వేరు. అమెరికాలో చదునైన మట్టి ట్రాకు, ఎప్పుడూ ఎడమకే మలుపు. ఇక్కడ పచ్చిక, ఎగుడుదిగుళ్లు, కుడివైపు మలుపులూ ఉంటాయి. తెలిసిందంతా పక్కన పెట్టి, ట్రైనర్ బారీ హిల్స్ దగ్గర కొత్త విద్యార్థిలా చేరాడు. ఏప్రిల్‌లో అక్కడ ఎక్కిన తొలి గుర్రమే గెలిచింది. నెల తిరక్కముందే టాప్ ఆన్ వుడ్ మీద 2000 గినీస్ సొంతమైంది.

ఆ తరవాత 1984, 85, 87లో బ్రిటన్ చాంపియన్ జాకీ అయ్యాడు. 1985లో స్లిప్ యాంకర్, 1987లో రెఫరెన్స్ పాయింట్ అతనికి ఎప్సమ్ డెర్బీలు తెచ్చిపెట్టాయి. కెంటకీ డెర్బీ, ఎప్సమ్ డెర్బీ రెండూ గెలిచిన జాకీగా చరిత్రకెక్కాడు.

పద్దెనిమిదేళ్లకే శిఖరం ఎక్కినవాడు అక్కణ్నుంచి జారిపడితే, మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడటానికి అహం ఒప్పుకోదు. కాథెన్ ఒప్పుకున్నాడు. పరీక్షలో ఒక్కసారి వెనకబడగానే 'ఇక వీడింతే' అనేసే పెద్దలు గుర్తుంచుకోవలసింది ఆ 487 గెలుపుల్ని కాదు... ఆ 110 ఓటముల్ని!