గోడ మీద లేని పేర్లు



మన హాస్టల్‌లో చదువుకునే గది కట్టిన ఏడాది మేము పదో తరగతి. ఇటుకలు మోసే కూలీల్లో మాలో ఒకడి అమ్మ కూడా ఉంది. తలమీద తట్టతో ఆమె వరండా దాటుతుంటే వాడు పుస్తకంలోకి తల దించుకున్నాడు. మేమూ పలకరించలేదు. ప్రారంభోత్సవం నాడు శిలాఫలకం మీద పెద్దల పేర్లన్నీ చదివాం. ఆమె పేరు లేదు. మాకది లోటుగా కూడా తోచలేదు.

పీజీలో చేరాక, యూనివర్సిటీ లైబ్రరీలో జర్మనీలోని ఒక ఫుట్‌బాల్ స్టేడియం గురించి చదువుతుంటే ఆ తట్ట మళ్ళీ గుర్తొచ్చింది.

ఆ స్టేడియం బెర్లిన్ నగర తూర్పు భాగంలో, కోపెనిక్ ప్రాంతంలో, చెట్ల మధ్య ఉంది. 1920లో మొదలైంది. 1966లో ఏర్పడిన యూనియన్ బెర్లిన్ క్లబ్‌కు అదే సొంతగడ్డ. జనం నిలబడి ఆట చూసే మెట్లు కాలక్రమేణా పాడయ్యాయి. బాగుచేయించడానికి క్లబ్ దగ్గర డబ్బు చాలలేదు. అప్పుడు అభిమానులే పనిలోకి దిగారు. 2008 వేసవి నుంచి ఏడాదిపాటు 2,000 మందికి పైగా, దాదాపు 1,40,000 గంటలు, కూలి తీసుకోకుండా పనిచేశారు. కొత్త మెట్లు కట్టారు, పైకప్పు వేశారు. 2009 జూలైలో స్టేడియం మళ్ళీ తెరుచుకుంది. 2011లో అందులో వాటాలను క్లబ్ సభ్యులే కొనుక్కున్నారు. 2013లో కూర్చునే ప్రధాన స్టాండ్ వచ్చింది. దాంతో 22,000 మందికి చోటు ఏర్పడింది. అందులో 18,000కు పైగా నిలబడి చూసే చోట్లే. 2019లో ఆ జట్టు తొలిసారి జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లిగాకు చేరింది.

స్టేడియం బయట ఎర్రటి హెల్మెట్‌తో ఒక స్మారకం ఉంది. పనిచేసినవారి పేర్లు దానిమీద ఉన్నాయి. ఆ వాక్యం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం.

వాళ్ళది ఇష్టంతో చేసిన శ్రమదానం. మా అమ్మానాన్నలది పొట్టకోసం చేసిన కూలి. రెండూ ఒకటి కావని మాకు తెలుసు. అయినా గోడ లేచింది మనిషి చేతుల మీదుగానే కదా!

తమ్ముళ్ళారా, మా ఇళ్ళల్లో మొదటి డిగ్రీ మాదే. దాని వెనుక తట్ట మోసినవాళ్ళు ఉన్నారు. అందుకే ఆ గది లోపలి గోడ మీద మేస్త్రీ, కూలీల పేర్లు రాయించడానికి వార్డెన్ గారిని అనుమతి అడిగాం. ఊళ్ళో తిరిగితే తొమ్మిది పేర్లు దొరికాయి. పదో పేరు వాడే చెప్పాడు. వార్షికోత్సవం రోజున ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆనాడు చేయని పలకరింపు ఇప్పుడైనా చేయాలని మా కోరిక.