నడిపేవాడు కనబడని రైలు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూలు పిల్లలు నన్ను చుట్టుముట్టారు. "అయ్యగారూ, డ్రైవరు లేని రైలు మీరు ఎక్కారంటగా! ఎలా నడుస్తుందండీ?" అని ఒకటే ప్రశ్న. వాళ్ళకు నాలుగు మాటల్లో చెప్పి పంపించాను గాని, ఆ ప్రశ్న వారమంతా నాతోనే ఉంది. అందుకే ఈసారి దాని గురించే రాస్తున్నాను.

మనకు విమానాశ్రయమంటే గన్నవరం, లేదంటే శంషాబాద్. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది గాని, అక్కడ మనమెవరం విమానం ఎక్కింది లేదు. గన్నవరంలో నాలుగడుగులు వేస్తే విమానం దగ్గరుంటాం. శంషాబాద్‌లో కాస్త నడవాలి, కాళ్ళు నొప్పి పుడితే కదిలే పట్టా మీద నిలబడవచ్చు. కాని కొన్ని దేశాల్లో విమానాశ్రయాలు మన మండలమంత ఉంటాయి. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కాలంటే కిలోమీటర్ల దూరం. పెద్దవాళ్ళు, పసిబిడ్డల తల్లులు అంత దూరం నడవలేరు. అందుకని విమానాశ్రయంలోనే చిన్న రైళ్ళు పెట్టారు. వాటిని ఆటోమేటెడ్ పీపుల్ మూవర్ అంటారు.

విమానాశ్రయంలో ఇలాంటిది మొదట వచ్చింది అమెరికాలోని టాంపాలో, 1971లో. తర్వాత 1980లో అట్లాంటాలో భూమి కింద నడిచే రైలు వచ్చింది. 1990లో సింగపూర్ చాంగీకి వచ్చింది. మన ఆడపడుచులు గల్ఫ్‌కు వెళ్ళేటప్పుడు దిగే దుబాయిలోనూ ఉంది. దోహా విమానాశ్రయంలో అయితే 2016 నుంచి టెర్మినల్ కప్పు కిందే, మనుషులు నడిచే చోటికి పైన నడుస్తోంది. దోహా రైలుకు సొంత ఇంజను లేదు. ఒక ఉక్కు తాడు దాన్ని ఇటూ అటూ లాగుతుంది. మన కాలువల మీద మోకు పట్టుకుని బల్లకట్టు లాగడం చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. మోకు ఒక్కటే, లాగే చేతులు మాత్రం కనబడవు.

నేను టెక్సాస్‌లోని తెలుగు సంఘాల ఆహ్వానం మీద వెళ్ళినప్పుడు దోహా మీదుగా డల్లాస్ చేరాను. మన కొల్లేటి గ్రామాల్లో ఒక ఊరి మామ్మగారు అదే విమానంలో కూతురి దగ్గరికి, పురుడు పోయడానికి వస్తున్నారు. డల్లాస్‌లో దిగి ఆవిడ ఇంకో విమానం మారాలి. "అయ్యగారూ, మా అమ్మకు తెలుగు తప్ప ఏదీ రాదు, మీ చేతుల్లో పెడుతున్నాం" అని ఆ అమ్మాయి ఫోనులో ఏడ్చినంత పని చేసింది.

దోహాలో రైలు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. మామ్మగారు ఎక్కకుండా ముందు అద్దం దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూశారు. "మనిషి ఏడండీ?" అన్నారు.

"లేడు మామ్మగారూ, దానంతట అదే నడుస్తుంది."

ఆవిడ నా ముఖంలోకి చూసి, బుర్ర ఊపి, నా చెయ్యి పట్టుకుని ఎక్కారు. ఇంకేమీ అనలేదు.

డల్లాస్‌లో ఉన్న రైలు పేరు స్కైలింక్. 1974లో ఆ విమానాశ్రయం తెరిచినప్పుడు ఎయిర్‌ట్రాన్స్ అనే పాత బండి ఉండేది. 2005లో దాని స్థానంలో స్కైలింక్ వచ్చింది. ఐదు టెర్మినళ్ళను చుట్టుకుని, రెండు దిక్కులా, ఎత్తైన కాంక్రీటు దారి మీద రబ్బరు చక్రాలతో నడుస్తుంది. ఒక బండి పోతే రెండు మూడు నిమిషాల్లో ఇంకొకటి. మేమిద్దరం అందులో కూర్చున్నాక, కింద విమానాలు వరసగా నిలబడి కనిపిస్తుంటే, మామ్మగారు నెమ్మదిగా నోరు విప్పారు.

"మా ఆయన ఎక్కిన పడవకి మనిషి ఉన్నాడండి. చిన్నప్పటి నుంచీ కొల్లేట్లో పడవ వేసినవాడే. చీకట్లో కూడా ఒడ్డు చేర్చేవాడు. ఆ వరదకి, ఆ గాలికి ఇద్దరూ పోయారు. అందుకని మనిషి లేడని భయపడి అడగలేదండి. ఏదన్నా అయితే పిలవడానికి ఒకరుండాలి గదా, అందుకని అడిగాను."

నేను వెంటనే ఏమీ మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళ కింద పోయిన మనిషి గురించి ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో నా మాట ఎందుకు? కాసేపయ్యాక, తలుపు పక్కన ఉన్న మీట చూపించాను. "ఇది నొక్కితే కంట్రోల్ రూములో ఉన్న మనిషి పలుకుతాడు మామ్మగారూ. బండిలో లేడు గాని, బండ్లన్నిటినీ చూస్తూ కూర్చున్నాడు."

ఆవిడ ఆ మీటను పరీక్షగా చూసి, "తెలుగులో పలుకుతాడా?" అన్నారు.

ఇద్దరం నవ్వుకున్నాం. కాని ప్రియులారా, ఆ మాటలో ఎంత సంగతి ఉందో చూడండి.

డ్రైవరు లేడంటే నడిపేవాడు లేడని కాదు. ఏ బండి ఎక్కడుందో, ముందు బండికీ వెనుక బండికీ ఎంత ఎడముందో కంప్యూటర్లు క్షణక్షణం లెక్క చూస్తుంటాయి. వాటి మీద కంట్రోల్ రూములో మనుషుల కన్ను ఉంటుంది. ప్రయాణికులు తక్కువగా ఉండే వేళల్లో దారినీ బండ్లనూ పరీక్ష చేసేవాళ్ళుంటారు. ఇంకొక నియమం కూడా ఉంది. బండికి అందవలసిన సంకేతం అందకపోతే, "పోనీలే, వెళ్ళు" అని కాదు, "ఆగు" అని అర్థం. తలుపు సరిగా పడకపోయినా కదలదు. మన ఏలూరు స్టేషను దాటే రైళ్ళకు ఉన్న సిగ్నల్ నియమం కూడా అదే: అనుమానం ఉంటే ఆగాలి. లోపల కూర్చున్నవాడికి ఆగిన బండి విసుగు పుట్టిస్తుంది. కాని ఆ ఆగడం కూడా వాడి ప్రాణం కోసమే.

మన బ్రతుకుల్లో ఆగిపోయిన పనులను చూసి, "దేవుడు నన్ను మరచిపోయాడు" అని చెప్పేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. వీసా రాలేదని, చెరువులో రొయ్య పోయిందని, సంబంధం తప్పిపోయిందని. ఆగిన ప్రతిదీ మేలుకే అని నేను తేలికగా చెప్పను. మామ్మగారి ముందు కూర్చుని ఆ మాట ఎవరు చెప్పగలరు? ఇంత మాత్రం చెబుతాను. నిశ్శబ్దంగా ఉంది కాబట్టి పైన ఎవరూ లేరనుకోవద్దు. కునుకు తీయని కాపరిని గురించి 121వ కీర్తనలో చదువుకున్నాం గదా.

అయితే రైలుకూ దేవునికీ పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. ఆ రైలుకు మామ్మగారు ఎవరో తెలియదు. ఆవిడ ఎక్కినా, ఎక్కకపోయినా, పెట్టె ఖాళీగా ఉన్నా, అదే వేగంతో అదే దారిన పోతుంది. యోహాను సువార్త పదో అధ్యాయంలో మన ప్రభువు చెప్పిన కాపరి అలాంటివాడు కాడు. ఆయనకు ప్రతి గొఱ్ఱె పేరు తెలుసు. ఆయన తెలుగులో పలుకుతాడు. తెలుగు కూడా రాక ఏడుపే మిగిలినప్పుడు, మాటల్లేని ఆ మూలుగును కూడా ఆత్మ దేవుని యొద్దకు చేరుస్తాడని పౌలు రోమా సంఘానికి రాశాడు. పిలవడానికి ఒకరుండాలి అన్న మామ్మగారి మాటకు నాకు తెలిసిన జవాబు ఇదే.

ఇక సంఘంగా మన వంతు కూడా ఉంది. మన ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళు ఒంటరిగా సముద్రాలు దాటుతున్నారు. విదేశాల్లో ఉన్న పిల్లలారా, టిక్కెట్టు కొనేటప్పుడే అమ్మానాన్నలకు వీల్‌చైర్ సహాయం అడగండి. ఎక్కడ దిగాలో, ఎక్కడ మారాలో తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ముందుగానే పంపండి. రైలుకు డ్రైవరు ఉండడని, తలుపు పక్కన మీట ఉంటుందని ఫోనులో చెప్పండి. దారిలో మన చీరకట్టు, మన మాట వినబడితే, ఆగి పలకరించండి. ఆ పూట ఆ తల్లికి మీరే దేవుడు పంపిన మనిషి.

గల్ఫ్‌లో ఇళ్ళల్లో పనిచేస్తున్న మన ఆడపడుచులు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళకు కష్టం వస్తే ఏ మీట నొక్కాలి? ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వాళ్ళను పేరుపేరునా జ్ఞాపకం చేసుకుందాం. ప్రార్థన అయ్యాక ఇంటికి వెళ్ళి, మీకు తెలిసిన ఒక్కరికైనా ఫోను చేయండి. అవతల నుంచి "ఎవరండీ?" అని వినబడితే, మీ పేరు చెప్పి, తెలుగులో పలకండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.