మ్యూజియంలో నానమ్మ, హోటల్లో అమ్మ

కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి. జనవరిలో జరిగిన సంగతి. పరీక్షలని, సిగ్గని ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాం.

మేం ఇద్దరం హాస్టల్లో ఒకే రూము. డిగ్రీ రెండో ఏడు. రెండిళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సంక్రాంతి సెలవుల్లో అరకులో ఉండగా మా సార్ ఒకాయన ఫోన్ చేశారు. "నెదర్లాండ్స్ నుంచి భార్యాభర్తలు వచ్చారు, గైడు రాలేదట. ఒక్కరోజు వాళ్ళ కూడా తిరగండి, ఇంగ్లీషు వస్తుంది" అన్నారు. ఒక్కరమే అయితే వెళ్ళేవాళ్ళం కాదు.

ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో, ఆ అద్దాల పెట్టెలో వచ్చారు. సొరంగాలు లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పామని, ఆ తప్పు నీదంటే నీదని పొద్దున్నే పోట్లాడుకుంటున్నారు. ఇంగ్లీషు వాళ్ళ సొంత భాష కాదు, మాదీ కాదు. అందుకే సరిపోయింది. మాట తట్టనప్పుడు అటూ ఇటూ చేతులూపుకున్నాం.

ముందు గిరిజన మ్యూజియం. మీలో చాలామంది చూసే ఉంటారు. మేమూ స్కూల్లో ఉన్నప్పుడు వరసలో నిలబడి చూశాం, బొమ్మల్ని కాదు, ముందున్న పిల్ల జడని. ఈ సారి మెల్లగా చూడాల్సి వచ్చింది. ఎందుకంటే ఆవిడ ప్రతిదాని దగ్గరా ఆగి "ఇది ఏంటి, దేనికి?" అని అడుగుతోంది. విల్లంబులు, సొరకాయ బుర్ర, రోలు, వెదురు బుట్టలు. బుర్రలో అంబలి పోసుకుని పొలానికి పట్టుకెళ్తారని చెప్తే ఇప్పుడా, అప్పుడా అని అడిగింది. మొన్న కూడా పట్టుకెళ్ళాం మేము. కానీ "అప్పుడు" అన్నాం. ఎందుకన్నామో తెలీదు. థింసా బొమ్మల దగ్గర మాత్రం ధైర్యమొచ్చి, చేతులు వెనక ఎలా పట్టుకోవాలో చూపించాం. ఆయన భార్య నడుం చుట్టూ చెయ్యేసి రెండు అడుగులు వేశాడు కూడా. అక్కడున్న వాచ్‌మన్ నవ్వాపుకోలేకపోయాడు.

తర్వాత గదబ ఆడమనిషి బొమ్మ. చెవులకి పెద్ద పెద్ద ఇత్తడి రింగులు, చారల బట్ట. అది కెరంగు, చెట్టు నార తీసి నేస్తారు అని చెప్పాం. ఆయన చాలాసేపు చూసి, "ఈ మనుషులు ఇంకా ఉన్నారా?" అన్నాడు. చెడ్డగా అడగలేదు. పుస్తకంలో రాసుకోడానికి అడిగాడు, పెన్ను కూడా తీశాడు. మాలో ఒకరి నానమ్మ అలాంటి రింగులతోనే బతికింది, అలాగే పోయింది. ఆ బట్ట ఇంట్లో పెట్టెలో ఉంది. మేం ఏం చెప్పామంటే, "ఉన్నారు సార్, చాలా లోపలి ఊళ్ళల్లో." ఆయన రాసుకున్నాడు. ఆ లోపలి ఊరు ఆయన పక్కనే చెప్పులేసుకుని నిలబడి ఉంది.

కాఫీ మ్యూజియంలో ఎక్కువసేపు ఉండలేదు. పారిస్‌లో అరకు పేరుతో 2017లోనే కాఫీ షాపు పెట్టారని, అక్కడ తాగామని వాళ్ళే మాకు చెప్పారు. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చిందన్న ముక్క మేం చెప్పాం, జీకే పుస్తకం పుణ్యమా అని. మా ఇళ్ళల్లో కాఫీ గింజలు ఎండబెడతారు, అమ్ముతారు. తాగేది టీ.

సాయంత్రం హోటల్‌కి రమ్మన్నారు, ఫోటోలు చూద్దురుగాని అని. ఇక్కడే అసలు భయం. ఆ హోటల్లో మాలో ఒకరి అమ్మ పనిచేస్తుంది. దుప్పట్లు మార్చడం, గదులు తుడవడం. ఎవరి అమ్మో రాయం, ఇద్దరికీ అమ్మే. నెలకి 8,000. వాళ్ళ గది ఒక రాత్రికి 4,500. (1/70 ఉన్న చోట హోటళ్ళు ఎవరి పేరు మీద ఉన్నాయో, ఎవరివో మీకు మేం చెప్పాలా.) పొద్దున్నే అమ్మ చెప్పింది, "అటు వస్తే నన్ను పలకరించకండి. సూపర్‌వైజర్ చూస్తాడు."

గేటు దగ్గర "ఏయ్, ఎక్కడికి?" అని ఆపారు. ఆవిడ వెనక్కొచ్చి "వీళ్ళు మా గెస్టులు" అంది. అప్పుడు అదే మనిషి "వెళ్ళండి మేడమ్" అన్నాడు. జీవితంలో మొదటిసారి మేడమ్ అయ్యాం, చెప్పులు బయట విప్పాలో లోపల విప్పాలో కూడా తెలియని మేడమ్‌లం.

గదిలో మంచం మీద తువ్వాలుతో చేసిన పక్షి ఉంది. ఆవిడ ఫోన్‌లో ఆ పక్షివి మూడు రోజుల ఫోటోలున్నాయి. "రోజూ మెడ కొంచెం వేరేగా తిప్పుతున్నారు. చేసేవాళ్ళని చూడాలని ఉంది" అంది. మేం నేల చూపులు చూశాం. టీ తాగాం. బిస్కెట్లు రెండే తీసుకున్నాం, ఆరు తినగలిగేవాళ్ళం.

బయటికొస్తే వరండాలో అమ్మ. చేతిలో బకెట్, నీలం యూనిఫాం. మమ్మల్ని చూసి గోడవైపు తిరిగిపోయింది, వెళ్ళేదాకా అలాగే ఉంటానన్నట్టు. నాలుగడుగులు దాటేశాం కూడా. నిజం చెప్పాలి కదా, దాటేశాం. ఆ గోడవైపు తిరిగిన వీపు చూశాక కాళ్ళు ఆడలేదు.

"అమ్మా" అన్నాం.

ఇంగ్లీషులో ఏం చెప్పామో సరిగ్గా గుర్తులేదు. ఈవిడే ఆ పక్షి చేసేది, మా అమ్మ, అని మాత్రం చెప్పాం. మ్యూజియంలో ఉన్న బొమ్మ నానమ్మ వాళ్ళదని కూడా అప్పుడే, అక్కడే చెప్పేశాం. ఆయన జేబులోంచి పుస్తకం తీసి పొద్దున్న రాసిన లైను కొట్టేశాడు. ఆవిడ దండం పెట్టబోయి, అమ్మ చేతిలో బకెట్ చూసి, బకెట్ తను పట్టుకుని, అప్పుడు అమ్మ చేతులు పట్టుకుంది. వరండా చివర సూపర్‌వైజర్ నిలబడి చూస్తున్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. పని పోతే ఫీజు ఎలాగ అని. పని పోలేదు గానీ వారం పాటు మెట్లు కడిగే డ్యూటీ వేశారు. అమ్మ ఇంటికొచ్చి బాగా తిట్టింది. "చెప్పానా లేదా? నోరు కట్టుకోలేరా?" అంటూ పొయ్యిలో కట్టెలు దోస్తూనే తిట్టింది. అన్నం పెట్టేటప్పుడు మాత్రం మెల్లగా అడిగింది, "ఆ దొరసాని ఏమంటంది?"

"హంస చాలా బాగుందంట" అన్నాం.

"హంసేటి? హంసని నేనెప్పుడు చూశాను? అది కొంగ" అంది.