బాబాయి లెన్సులకు కొత్త బాడీ

డిజిటల్‌కు మారేటప్పుడు చాలామంది ఏ కెమెరా కొనాలా అని చూస్తారు. నా దగ్గర లెన్సులు ముందే ఉన్నాయి కాబట్టి వాటికి సరిపడే కెమెరా వెతుక్కున్నాను. 28, 50, 105 ఎం.ఎం. లెన్సులు. మూడూ నైకాన్‌వే, మూడూ చేత్తో తిప్పి ఫోకస్ చేసుకునేవే. మా బాబాయి సింగరేణి ఉద్యోగంలో ఉండగా జీతంలోంచి మిగుల్చుకుని ఒక్కొక్కటే కొన్నాడు. వాటిని నైకాన్ ఎఫ్‌ఎం-2 కెమెరాకు తగిలించి మా కారేపల్లి చుట్టుపక్కల పెళ్ళిళ్ళు, దసరాకు ఉసిరికాయలపల్లిలో జరిగే కోట మైసమ్మ జాతర, ఎండాకాలం తునికాకు కట్టలు కట్టే కోయ ఆడవాళ్ళు, అన్నీ తీశాడు. రీలుకు 36 ఫోటోలు. ఖమ్మంలో కడిగించుకొచ్చేదాకా ఏది ఎలా పడిందో తెలిసేది కాదు.

నేను అమెరికా బయల్దేరుతుంటే "ఇక్కడుంటే వానాకాలం బూజు పట్టి పోతయిరా, నువ్వే పట్టుకపో" అని సంచిలో పెట్టాడు. ఆయన భయం నిజమే. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచిన లెన్సుకు తేమ అంటుకుని, అద్దం మీద సాలెగూడులా బూజు పాకుతుంది. ముదిరితే అద్దం పైపూతను కూడా తినేస్తుంది.

నేనుండేది రాచెస్టర్‌లో, కొడాక్ పుట్టిన ఊళ్ళో. 1975లో ఇక్కడే కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. నలుపు తెలుపుల్లో, అడ్డం నిలువు వందేసి చుక్కల బొమ్మ. దాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ కెమెరాకు ఆయన పెట్టిన లెన్సు, సూపర్-8 ఫిల్ము కెమెరాల విభాగంలో పక్కన పడేసిన భాగాల్లోంచి తెచ్చింది. 1991లో కొడాక్ అమ్మకానికి పెట్టిన మొదటి డిజిటల్ ఎస్ఎల్ఆర్ కూడా నైకాన్ ఎఫ్-3 బాడీ మీద కట్టిందే, దానికి నైకాన్ లెన్సులే పడతాయి. డిజిటల్ వస్తే పాత లెన్సులు మూలపడతాయని అనేవాళ్ళకు నేను ఈ రెండు సంగతులూ చెబుతాను. డిజిటల్ కెమెరా మొదటి రోజు నుంచీ ఫిల్ము కాలపు లెన్సుతోనే లోకాన్ని చూసింది.

అయితే ఏ లెన్సు ఏ బాడీకి పడుతుందన్నది కంపెనీని బట్టి ఉంటుంది. నైకాన్ 1959లో పెట్టిన ఎఫ్ మౌంటును, అంటే లెన్సు బాడీకి బిగుసుకునే అమరికను, డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లలోనూ వదల్లేదు. పెంటాక్స్ 1975 నాటి కె మౌంటును కొనసాగించింది. కానన్ 1987లో మౌంటు పూర్తిగా మార్చేసింది. పాత ఎఫ్‌డీ లెన్సు ఫిల్ముకు 42 మిల్లీమీటర్ల దూరంలో కూర్చునేలా చేసినది. ఈఓఎస్ బాడీలో ఆ దూరం 44. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాతో, మధ్యలో అదనంగా అద్దం ఉన్న అడాప్టర్ పెడితే తప్ప, దూరపు కొండ ఫోకస్‌లోకి రాదు.

నైకాన్‌లోనూ ఒక చిక్కుంది. డీ-70, డీ-80 లాంటి బాడీలకు మా లెన్సులు బిగుస్తాయి గానీ వెలుతురు కొలిచే మీటర్ పనిచేయదు. 2005 చివర్లో 1,699 డాలర్లకు వచ్చిన డీ-200లో మాత్రం లెన్సు మీది అపర్చర్ రింగు తిప్పితే దాంతోపాటే కదిలే చిన్న మీట ఉంది. మెనూలోకి వెళ్ళి లెన్సు ఎన్ని ఎం.ఎం., గరిష్ఠ అపర్చర్ ఎంత అని చెబితే చాలు, మీటర్ సరిగ్గా చూపిస్తుంది. డీ-300 వచ్చాక డీ-200 ధర దిగింది. అప్పుడు కొన్నాను. 1977కు ముందు లెన్సులున్నవాళ్ళు మాత్రం మార్పు చేయించకుండా దీనికి బిగించకూడదు, ఆ మీట విరిగే ప్రమాదం ఉంది.

ఊరికి తీసుకెళ్ళాక తేడాలు బాగా తెలిశాయి. డీ-200 సెన్సరు ఫిల్ము కన్నా చిన్నది. దాంతో 50 లెన్సు 75లా, 105 లెన్సు దాదాపు 157లా చూపిస్తుంది. ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెకర్రీ 1984లో ఆ పేరుమోసిన ఆఫ్ఘన్ అమ్మాయి ముఖాన్ని తీసింది ఎఫ్‌ఎం-2కు ఇదే 105 తగిలించి. బాబాయికీ అదే ఇష్టం. కానీ తండాలో గుడిసె ముందు కూర్చున్న అవ్వను డిజిటల్‌లో దాంతో తీయాలంటే బాటదాకా వెనక్కి పోవాలి. అక్కడ 50 హాయి. పెళ్ళిపందిరి మొత్తాన్ని పట్టే 28 మాత్రం 42 అయిపోయింది. ఆ ఒక్క లోటుకు కొత్తగా వెడల్పు లెన్సు కొనక తప్పలేదు.

మార్చిలో మా వైపు ఎటు చూసినా మిరప కళ్లాలే. ఆ ఎరుపు డిజిటల్‌కు గట్టి పరీక్ష. మీటర్ బాగానే ఉందంటుంది, ఫోటోలో మాత్రం ఎరుపు ఛానెల్ నిండిపోయి కాయకూ కాయకూ మధ్య గీత కనిపించదు, కుప్పంతా ఒకే ఎర్రటి ముద్ద. కెమెరా తెర మీద వెలుగుల గ్రాఫు, అదే హిస్టోగ్రామ్‌లో ఎరుపును విడిగా చూసుకుని, అది కుడి అంచు తాకకుండా ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ముడతలు, తొడిమలు, ఎండిన కాయ మీది మెరుపు తిరిగొస్తాయి. లంబాడీ ఆడవాళ్ళ బట్టల మీది అద్దాలకూ ఇదే జాగ్రత్త. కలర్ నెగెటివ్ ఆ అద్దాల మీద మెరిసే తెలుపును కొంత దాచిపెట్టేది, డిజిటల్‌లో ఒకసారి పోయిన తెలుపు మళ్ళీ రాదు.

ఇంకోటి దుమ్ము. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోయే లైను, ఇల్లందు లైను విడిపోయే జంక్షన్ మాది. బొగ్గు బండ్లు పోతూనే ఉంటాయి. ఫిల్ముకు ప్రతి ఫ్రేమూ కొత్తదే. సెన్సరు మీద పడ్డ రేణువు తుడిచేదాకా ప్రతి ఫోటోలోనూ ఆకాశంలో మచ్చగా కూర్చుంటుంది. లెన్సు మార్చాలంటే గదిలోకి వెళ్ళి, బాడీని కిందికి వంచి మార్చాలి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా నాకు డిజిటలే మేలనిపించింది, ఫోటో దిగినవాళ్ళ కోసం. "మళ్ళొచ్చేనాటికి నేనుంట్నో లేదో, ఇప్పుడే చూపియ్యి కొడుకా" అని ఒక అవ్వ అడిగితే అక్కడే తెర మీద చూపించాను. ఆ వారంలోనే ఖమ్మంలో ప్రింటు వేయించి చేతికిచ్చాను. రీళ్ళ రోజుల్లో నేను అమెరికాలో కడిగించి పంపేసరికి మనిషి పోయి, కొన్ని ఇళ్ళల్లో ఆ ఫోటోకు దండ వేశారు.

మీ నాన్నగారివో మేనమామవో పాత లెన్సులు ఇంట్లో ఉంటే తూకానికి వేయకండి. టార్చి వేసి అద్దంలోంచి చూడండి. బూజు లేకుండా, అపర్చర్ బ్లేళ్ళకు నూనె పట్టకుండా ఉంటే వాటికి తగ్గ బాడీ వెతకండి. డీ-200 ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో చవకగానే దొరుకుతుంది. మిర్రర్‌లెస్ కెమెరాలకైతే అడాప్టర్‌తో కానన్ ఎఫ్‌డీ లెన్సులు కూడా పడతాయి. నెగెటివ్‌లనూ పారేయకండి. 50 ఎం.ఎం. లెన్సుకు ఎక్స్‌టెన్షన్ ట్యూబు తగిలిస్తే అదే డిజిటల్ బాడీతో వాటిని కాపీ తీసుకోవచ్చు. బాబాయి రీళ్ళను నేను అలాగే కాపీ చేస్తున్నాను. మీరూ మొదలుపెట్టండి, ఆ ఫోటోల్లోని మనుషుల పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే.